ఏటా 167లో ఒకటి

పదో తరగతి జీవశాస్త్రం గట్టెక్కినవాళ్లందరూ హైడ్రా బొమ్మ గీసే ఉంటారు. సన్నటి గొట్టం, కొసన ఐదారు స్పర్శకాలు, పక్కనుంచి పొడుచుకొచ్చిన మొగ్గ. పరీక్ష అయిపోగానే దాన్ని మర్చిపోతాం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆ పేరు చెబితే చెరువు ఆక్రమణలు కూల్చే ‘హైడ్రా’ సంస్థ బుల్‌డోజర్లే గుర్తొస్తాయి. నిజమైన హైడ్రా మాత్రం చెరువు లోపలే, ఆకుల అడుగున అంటుకుని, సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. దాని గురించి 2015లో ఒక లెక్క వెలువడింది. మంచి తిండి, మంచి నీరు ఇచ్చి కాపాడితే ఏడాదికి ప్రతి 167 హైడ్రాల్లో ఒకటి చనిపోతోందన్నది ఆ లెక్క. వినడానికి అదేమంత వింతగా లేదు. ఆ హైడ్రా వయసు ఎంతైనా సరే, సంఖ్య మారకపోవడంలో ఉంది అసలు వింత.

ఆ సంఖ్య ఎలా వచ్చిందో ముందు చూద్దాం. జర్మనీలోని రాస్టాక్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ జనాభా పరిశోధన సంస్థ, అమెరికాలో కాలిఫోర్నియాలోని పమోనా కాలేజీ కలిసి చేసిన ప్రయోగం ఇది. దగ్గరి బంధుత్వమున్న రెండు జాతులకు చెందిన 2,256 హైడ్రాలను 12 గుంపులుగా పెట్టుకున్నారు. ఒక్కో హైడ్రాకు ఒక్కో పళ్లెం. మొగ్గ వేసి పిల్ల విడిపోగానే ఆ పిల్లను తీసేయాలి, లేకపోతే ఎవరి వయసు ఎంతో తెలియదు. ఈ పని ఎనిమిదేళ్లు సాగింది. మొత్తం పరిశీలన 39 లక్షల రోజులు దాటింది. తలా ఎన్ని రోజులని భాగిస్తే సుమారు 1,729 వస్తుంది. కొన్ని గుంపులు లెక్క మొదలయ్యేనాటికే పాతవి కాబట్టి, గుంపుల వయసు సున్నా నుంచి 41 ఏళ్లు దాటేవరకు విస్తరించింది.

వాటికి వేసిన మేత మన కోస్తావాళ్లకు కొత్తేమీ కాదు. అది ఆర్టీమియా. రొయ్య పిల్లల హేచరీల్లో డబ్బాలు డబ్బాలు వాడే ఉప్పునీటి రొయ్య జాతి అది. గుడ్లు పొదిగించి, అప్పుడే బయటికొచ్చిన పిల్లలను హైడ్రా పళ్లెంలో వేస్తారు. స్పర్శకాల్లోని విషపు ముళ్లతో హైడ్రా వాటిని పొడిచి మింగుతుంది. తర్వాత పళ్లెం కడగాలి, నీళ్లు మార్చాలి, చచ్చిందా బతికుందా రాసుకోవాలి. ప్రయోగశాల ప్రమాదాల్లో పోయినవీ ఉన్నాయి: మూతకు అంటుకుని ఎండిపోయినవి, నేలమీద జారిపడినవి. ఇంతటి విసుగుపుట్టించే చాకిరీ లేకుండా వార్ధక్యం మీద నమ్మదగిన సంఖ్య రాదు. చెరువులోంచి పట్టితెచ్చిన నాలుగు జీవులను ఏడాది చూసి ‘ఇవి ముసలివి కావు’ అనెయ్యడం తేలికే. నిలబడే మాట అనడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

12 గుంపుల్లో పదింటిలో ఏడాదికి చనిపోయే అవకాశం సుమారు 0.6 శాతం. 167లో ఒకటి అన్నది అక్కడిదే. మిగతా రెండింటిలో మరణాలు ఎక్కువే, అయినా వయసుతో పాటు పెరిగినట్టు కనిపించలేదు. పిల్లల్ని వేసే వేగం కూడా ఏళ్లు గడిచేకొద్దీ క్రమంగా పడిపోలేదు.

ముసలితనం అంటే ఏమిటో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. జుట్టు నెరవడం, మోకాళ్లు పట్టేయడం మనకు కనిపించే గుర్తులు. జనాభా శాస్త్రవేత్తకు ఇవేవీ అక్కర్లేదు. ‘ఈ ఏడాది చనిపోయే ప్రమాదం నిరుటికన్నా పెరిగిందా?’ అని అడుగుతాడు. పెరుగుతూ పోతే ముసలితనం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. 1825లో లండన్‌లో బీమా లెక్కలు కట్టే బెంజమిన్ గొంపెర్ట్జ్ మనుషుల మరణాల పట్టికలు చూసి, పెద్దవయసులో ఆ ప్రమాదం గుణశ్రేఢిలో పెరుగుతుందని పట్టుకున్నాడు. ఇప్పటి లెక్కల్లో అది సుమారు ఎనిమిదేళ్లకోసారి రెట్టింపవుతుంది. ముప్పయ్యో ఏట ప్రమాదం వెయ్యిలో ఒకటి అనుకుందాం. 38కి రెండు. 46కి నాలుగు. 54కి ఎనిమిది. 62కి పదహారు, 70కి ముప్పైరెండు, 78కి అరవై నాలుగు, 86కి నూట ఇరవై ఎనిమిది. ముప్పైలో ఉన్న ప్రమాదానికి ఇది 128 రెట్లు. బీమా కంపెనీ మన వయసు అడిగాకే ప్రీమియం చెప్పేది ఇందుకే.

హైడ్రాకు బీమా చేయాల్సివస్తే వయసు అడగనక్కర్లేదు. ఒకే ప్రీమియం.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. హైడ్రా ప్రమాదం మారదు అన్నదాన్ని ‘హైడ్రా ప్రమాదం చాలా తక్కువ’ అని చదువుకుంటారు. పోల్చి చూడండి. అభివృద్ధి చెందిన దేశాల్లో పదేళ్ల పిల్లవాడు ఆ ఏడాది చనిపోయే అవకాశం సుమారు పదివేలలో ఒకటి. హైడ్రాది పదివేలలో అరవై. అంటే కంటికి రెప్పలా కాపాడినా హైడ్రా బతుకు పదేళ్ల పిల్లవాడి బతుకుకన్నా అరవై రెట్లు ప్రమాదకరం. అదే దేశాల్లో 0.6 శాతం ప్రమాదం ఉన్న మనిషి వయసు చూస్తే యాభైకీ అరవై అయిదుకూ మధ్య ఎక్కడో తేలుతుంది. హైడ్రా నిత్యయౌవనంలో ఉందని పత్రికలు రాశాయి. లెక్క ప్రకారం అది పుట్టుకతోనే రిటైర్మెంటుకు దగ్గరపడిన ఉద్యోగి, కాకపోతే ఎన్నేళ్లయినా అక్కడే ఆగిపోయి ఉంటుంది. ఆ ఆగిపోవడమే విశేషం. మనిషి తన పదేళ్ల వయసు ప్రమాదం దగ్గర అలా ఆగిపోగలిగితే, వెయ్యి మందిలో ఐదువందల మంది మిగలడానికి దాదాపు 6,900 ఏళ్లు పడుతుంది. మనం ఆగం, అంతే.

ఇక హైడ్రాల లెక్క. వెయ్యి హైడ్రాలతో మొదలుపెట్టి ఏటా 0.6 శాతం చొప్పున తీసేస్తూ పోతే పదేళ్లకు 942, యాభై ఏళ్లకు 740, నూరేళ్లకు 548 మిగులుతాయి. సగానికి రావడానికి 115 ఏళ్లు. వెయ్యిలో యాభై మిగలడానికి, అంటే 5 శాతానికి, సుమారు 500 ఏళ్లు. 2015 లెక్కకు ముందు ఏడాది, 2014లో, ‘నేచర్’ పత్రికలో 46 రకాల జీవులను పోల్చిన వ్యాసంలో ఇదే 5 శాతానికి 1,400 ఏళ్లు అన్న అంచనా ఉంది. వార్తల్లో ఎక్కువగా తిరిగింది ఆ సంఖ్యే. 500కూ 1,400కూ ఇంత తేడా ఎందుకంటే, చావులు ఇంత అరుదుగా ఉన్నప్పుడు ఏడాది రేటులో చిన్న మార్పు వచ్చినా తుది సంఖ్య శతాబ్దాల్లో మారిపోతుంది. 0.6 శాతాన్ని 0.2 చేయండి, 500 కాస్తా 1,500 అవుతుంది. కాబట్టి ఈ రెండింట్లో దేన్నీ హైడ్రా ఆయుష్షు అనుకోకండి. చూసింది కొన్ని దశాబ్దాలే, మిగిలినదంతా ‘ఇదే రేటు ఇలాగే కొనసాగితే’ అన్న షరతు మీద గీసిన గీత. అదే 46 జీవుల పోలికలో 2009 నాటి జపాన్ స్త్రీలు కూడా ఉన్నారు. వాళ్లలో 5 శాతం మిగిలే వయసు 102. ఆ వయసులో చనిపోయే ప్రమాదం పెద్దవయసు మొత్తం మీది సగటుకు 20 రెట్లకు పైనే. హైడ్రా గీత మాత్రం బల్లపరుపు.

సెంటీమీటరు జీవికి ఇదెలా సాధ్యమైంది? చిన్నదిగా, సరళంగా ఉన్నందుకే అనుకుంటే పొరపాటు. అదే చెరువు నీటిలో రోటిఫర్లు హైడ్రాకన్నా చిన్నవి, కొన్ని వారాల్లో ముసలివై పోతాయి. డాఫ్నియాకు రెండు మూడు నెలలు. హైడ్రా రహస్యం దాని కణాల్లో ఉంది. ఒంట్లో ఉన్నవి యాభై వేల నుంచి లక్ష కణాలు. పైపొరకు ఒకటి, లోపొరకు ఒకటి, ఈ రెంటి మధ్య తిరుగుతూ నాడీ కణాలనూ ముళ్ల కణాలనూ బీజకణాలనూ తయారుచేసేది మరొకటి, ఇలా మూడు రకాల మూలకణాలు. పొరల కణాలు మూడు నాలుగు రోజులకోసారి, మూడో రకం సుమారు రోజుకోసారి విభజన చెందుతాయి. గొట్టం నడుమ పుట్టిన కణాలు పైకి స్పర్శకాల కొసలకో, కిందికి పాదం చివరకో జరుగుతూ పోయి, గోరు పెరిగి కొస రాలినట్టు రాలిపోతాయి. కొన్ని మొగ్గల్లోకి పోతాయి. దాదాపు ఇరవై రోజుల్లో ఒళ్లంతా కొత్తది. దెబ్బతిన్న కణాన్ని బాగుచేయాలా వద్దా అన్న తర్జనభర్జన హైడ్రాకు లేదు. బయటికి తోసేస్తుంది.

దీని మొండి ప్రాణం శాస్త్రానికి తెలిసి మూడు శతాబ్దాలు కావస్తోంది. 1740లో నెదర్లాండ్స్‌లో హేగ్ దగ్గర ఒక ప్రభువు ఇంట్లో ఇద్దరు పిల్లలకు పాఠాలు చెప్పే అబ్రహాం ట్రెంబ్లీ, గుంటనీటిలో దొరికిన ఈ ఆకుపచ్చ జీవి మొక్కో జంతువో తేల్చుకుందామని దాన్ని రెండుగా కోశాడు. రెండూ బతికాయి, రెండూ పూర్తి జీవులయ్యాయి. తలను నిలువునా చీల్చుతూ పోయి ఏడు తలల జీవిని కూడా తయారుచేశాడు. 1744లో ఆ పరిశీలనలన్నీ పుస్తకంగా వచ్చాయి. తల నరికితే మొలిచే గ్రీకు పురాణ రాక్షసి పేరును 1758లో లినేయస్ ఈ జీవికి ఖాయం చేశాడు. 1972లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ గీరర్ బృందం ఇంకా ముందుకెళ్లింది: హైడ్రాను విడివిడి కణాలుగా చేసి, ఆ కణాలను ఒక ముద్దగా దగ్గరికి చేర్చితే కొన్ని రోజుల్లో ఆ ముద్దలోంచి మళ్లీ హైడ్రాలు లేచాయి. మన దేశంలో పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థలోనూ ఈ పునరుత్పత్తి మీద చాలా ఏళ్లుగా పని జరిగింది.

ఇంత తెలిసినా, హైడ్రా ముసలిది కాదన్న మాటను పరిణామ సిద్ధాంతకారులు ఒప్పుకోలేదు. వాళ్ల వాదం గట్టిదే. 1952లో పీటర్ మెదవార్, 1957లో జార్జ్ విలియమ్స్, 1966లో విలియం హామిల్టన్ ఒకరి మీద ఒకరు కట్టుకుంటూ పోయిన వాదం అది. ప్రకృతిలో చాలా జీవులు ముసలితనం రాకముందే ఏ చేప నోట్లోనో పడతాయి. కాబట్టి ముదిమిలో హాని చేసే జన్యువులను ఏరిపారేసే అవసరం ప్రకృతి ఎంపికకు పెద్దగా ఉండదు. అవి పోగుపడతాయి, వాటి ఫలితమే వార్ధక్యం. హామిల్టన్ దీన్ని గణితంగా రాసి, ఎక్కడైనా ఇది తప్పదన్నాడు. ఈ వాదం ప్రకారం బయటి ప్రమాదాలు ఎంత ఎక్కువైతే ముసలితనం అంత త్వరగా రావాలి. చెరువులో హైడ్రా బతుకు మహా అయితే స్వల్పకాలమే. లెక్క ప్రకారం అది ఇట్టే ముసలిది కావాలి.

పమోనా కాలేజీ ఆచార్యుడు డేనియల్ మార్టినెజ్ కూడా మొదట అదే నిరూపించబోయాడు. హైడ్రా వార్ధక్యాన్ని తప్పించుకోలేదని చూపడమే ఆయన ఉద్దేశం. 145 హైడ్రాలను నాలుగేళ్లు పెంచాడు. చావులు అతి తక్కువ, వయసుతో పెరగలేదు. 1998లో ఆ ఫలితాన్ని తనే ప్రచురించాడు. నాలుగేళ్లు సరిపోవన్న విమర్శ న్యాయమైనదే. దానికి జవాబే 2,256 హైడ్రాల పెద్ద ప్రయోగం. తాను తప్పని తేల్చే లెక్కను పదిహేను రెట్లు పెద్దగా చేసి మళ్లీ ప్రచురించిన మనిషిని నమ్మొచ్చు.

సిద్ధాంతం ఎక్కడ తప్పిందన్న ప్రశ్నకు నాకు సబబుగా తోచే జవాబు ఇది. మనలో బీజకణాలు వేరు, ఒళ్లు వేరు. తర్వాతి తరానికి పోయేది బీజకణమే కాబట్టి ఒంటిని ఓ హద్దు దాటి బాగుచేసుకోవడం ప్రకృతి లెక్కలో దండగ ఖర్చు. మొగ్గ వేసే హైడ్రాలో ఆ గోడ లేదు. ఒంటి మూలకణాలే మొగ్గలోకి నడిచి వెళ్లి బిడ్డ అవుతాయి. పదేళ్ల హైడ్రా ఇవాళ వేసిన మొగ్గలోని కణాల వయసెంత? పదేళ్ల పాటు ఆగకుండా విభజన చెందుతూ వచ్చిన కణాలే కదా. తల్లి కణాలు ముసలివైతే బిడ్డ ముసలిగా పుడుతుంది, కొన్ని తరాల్లో వంశమే ఆగిపోతుంది. కాబట్టి ఒంటిని కాపాడుకోవడమూ వంశాన్ని కాపాడుకోవడమూ దానికి ఒకే పని.

ఈ జవాబుకు బలమిచ్చేది హైడ్రా ఆలిగాక్టిస్ అనే మరో జాతి. వెచ్చటి నీటిలో ఇది కూడా మొగ్గలు వేస్తూ హాయిగా ఉంటుంది. నీటిని 10 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే మొగ్గలు మాని అండాలు, శుక్రకణాలు తయారుచేస్తుంది. ప్రకృతిలో చలి అంటే చెరువు గడ్డకట్టబోతోందన్న హెచ్చరిక, గుడ్లైతే తట్టుకుంటాయి. ఆ పని ముగిశాక స్పర్శకాలు కురచవుతాయి, కదలిక మందగిస్తుంది, మేత పట్టలేదు, కొన్ని నెలల్లో చనిపోతుంది. బెల్జియం శాస్త్రవేత్త పాల్ బ్రియన్ 1953లోనే గమనించిన ఈ క్షీణతను 2006లో జపాన్ బృందం లెక్కకట్టి చూపింది: మరణాల రేటు, మనిషిలో మాదిరే, వయసుతో ఎగబాకింది. మూలకణాలు బీజకణాల తయారీకి ఖర్చయిపోవడం ఇందులో పెద్ద కారణమని తేలింది. అదే కుటుంబపు జీవి ఒక దారిలో నడిస్తే ముసలితనం లేదు, ఇంకో దారిలో నడిస్తే ఉంది. నా దృష్టిలో 1,400 ఏళ్ల అంచనాకన్నా ఈ జాతి చెప్పేదే విలువైన సంగతి.

‘చావులేని’ బిరుదు మోస్తున్న మిగతా నీటి జీవులను వయసుతో ప్రమాదం పెరుగుతుందా లేదా అన్న గీటురాయి మీద పెట్టి చూడండి. టురిటాప్సిస్ డోర్నియై అనే జెల్లీ ఫిష్ గొడుగు వెడల్పు అయిదు మిల్లీమీటర్లకు మించదు. గాయమైనా ఆకలైనా ముడుచుకుపోయి, అడుగున అంటుకుని, మళ్లీ తన బాల్య దశ అయిన పొలిప్‌గా మారగలదు. 1996లో ఇటలీ శాస్త్రవేత్తల బృందం దీన్ని వివరంగా ప్రకటించింది. జపాన్‌లో షిన్ కుబోటా ఒకే వంశాన్ని రెండేళ్లలో పదిసార్లు ఇలా వెనక్కి తిప్పాడు. అబ్బురమే. కానీ వేల జెల్లీ ఫిష్‌లను విడివిడిగా ఏళ్ల తరబడి చూసి కట్టిన మరణాల రేటు దీనికి లేదు. కాబట్టి ఇది హైడ్రా సరసన కూర్చోదు.

ఐస్‌లాండ్ దగ్గర సముద్రంలో 2006లో దొరికిన ‘మింగ్’ అనే ఆల్చిప్ప గుల్ల మీది వార్షిక వలయాలను మొదట 400కు పైచిలుకుగా లెక్కించారు, 2013లో సరిదిద్ది 507 అన్నారు. శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కేనాటికి దాని వయసు పదేళ్లు. పరిశోధకులు దాన్ని గడ్డకట్టించడంతోనే అది చనిపోయింది. లోతు సముద్రపు గాజు స్పంజి ఒకదాని వయసు 11,000 ఏళ్లని 2012లో అంచనా వేశారు, మూడు వేలు అటో ఇటో. స్కాట్లండ్‌లో 1828లో జాన్ డాలియెల్ పట్టితెచ్చిన ‘గ్రానీ’ అనే సముద్ర అనిమోన్ సీసాలో 59 ఏళ్లు బతికి, దాన్ని తెచ్చిన మనిషి పోయిన తర్వాత కూడా చాలాకాలం ఉండి, 1887లో చనిపోయింది. ఇవన్నీ ఒక్కో జీవి కథలు. ఒక్క జీవి ఎంత కాలం బతికినా వయసుతో ప్రమాదం పెరిగిందో లేదో అది చెప్పలేదు. 122 ఏళ్లు బతికిన ఫ్రెంచి మహిళ జాన్ కాల్మాన్‌ను చూపి మనుషులకు ముసలితనం లేదని ఎవరూ అనరు కదా.

మనకు దీనివల్ల ఏమైనా ఒరుగుతుందా? కొంత. 2012లో జర్మనీలో కీల్ విశ్వవిద్యాలయ బృందం హైడ్రాలో ఫాక్స్‌ఓ అనే జన్యువు మూలకణాల విభజన వేగాన్ని నడిపిస్తోందని చూపింది. దాన్ని నొక్కేస్తే మూలకణాలు తగ్గి, హైడ్రాల సంఖ్య పెరిగే వేగం పడిపోయింది. ఆ జన్యువుకు మనలోనూ చుట్టాలున్నాయి. 2008లో హవాయిలోని జపాన్ సంతతి పురుషుల్లో 95 దాటిన 213 మందినీ, సగటు వయసులో పోయిన 402 మందినీ పోల్చితే, ఫాక్స్‌ఓ3 జన్యువులో ఒక రకం మార్పు ఎక్కువకాలం బతికినవాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. అరవై కోట్ల ఏళ్ల కిందట దారులు వేరైపోయిన రెండు జీవుల్లో ఒకే జన్యువు ఒకే వ్యవహారంలో తారసపడటం ఉత్త యాదృచ్ఛికం కాకపోవచ్చు.

అక్కడినుంచి ముందుకు దూకడం మాత్రం కష్టం. హైడ్రా తన నాడీ కణాలను కూడా పారేసి కొత్తవి పెట్టుకుంటుంది. అవి కొన్ని వందల నుంచి కొన్ని వేలు. మన మెదడులో ఉన్నవి సుమారు 8,600 కోట్లు, వాటిలో చాలావరకు పుట్టినప్పటి నుంచి మనతో ఉన్నవే. ఇరవై రోజులకోసారి వాటిని మార్చుకుంటే ఆయుష్షు పెరుగుతుందేమో, కానీ అమ్మ ముఖం గుర్తుండదు. ఆగకుండా విభజన చెందే కణాలకు క్యాన్సర్ బెడదా తప్పదు. 2014లో కీల్ బృందమే రెండు జాతుల హైడ్రాల్లో సహజంగా పుట్టిన కణితులను గుర్తించింది. ముసలితనం లేని జీవికి జబ్బు లేదని కాదు. చేపకు, కరువుకు, చలికి, ప్రయోగశాల నేలకు అది ఎప్పుడూ లోకువే.

వయసును వెనక్కి తిప్పుతామంటూ మూలకణాల పేరుతో, జెల్లీ ఫిష్ పేరుతో క్రీములూ మాత్రలూ ఇప్పటికే అంగళ్లలో ఉన్నాయి. రేపు హైడ్రా బొమ్మ వేసి ఇంకొకటి రావచ్చు. సీసా అందంగా ఉందని కొనకండి. ఎంతమంది మీద, ఎన్నేళ్లు చూసి, వయసుతో పాటు వాళ్ల ప్రమాదం పెరగడం ఆగిందని తేల్చారో అడగండి. ఇప్పటిదాకా అలాంటి లెక్క ఉన్నది 2,256 హైడ్రాలకు. మనుషులకు లేదు.